కోడి అని వెతికితే కడప వచ్చింది

మాది కడప. ఎర్రముక్కపల్లిలో మైక్ సెట్ దుకాణం, నాన్న కాలం నుంచి ఉంది. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, దేవుని కడపలో ఉత్సవాలు, బ్రౌన్ గ్రంథాలయంలో సభలు, కాలేజీ వార్షికోత్సవాలు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి బాక్సులు వేసుకుని వెళ్తాం. క్యాసెట్లు పోయి సీడీలు, సీడీలు పోయి పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో 9,400 పాటలు ఉన్నాయి. వీటిని సర్దుకోవడానికి నిరుడు 1,799 రూపాయలు కట్టి ఒక సాఫ్ట్‌వేర్ తీసుకున్నాను. దాని పేరు రాయను. చెప్పబోయే లోపాల్లో కొన్ని ఇప్పటికే సరిదిద్దారు, మిగతావి ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో ఇంకెన్నిటికి ఉన్నాయో.

పాట వినిపించే తీరు, ఈక్వలైజర్, తెర రంగులు అన్నీ బాగున్నాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పను. నాకు కావలసినవి రెండే. పేర్లు ఒక వరుసలో ఉండాలి, అడిగిన పాట పది సెకన్లలో దొరకాలి. పెళ్లి పందిట్లో పది సెకన్లు మైకు ఆగిందంటే నాలుగు వందల తలలు మా వైపు తిరుగుతాయి.

మొదటి రోజు ఆ వరుస చూసి నవ్వు వచ్చింది. జాబితా అకారంతో మొదలు కాలేదు. అన్నిటికంటే పైన ఒక భజన పాట కూర్చుంది, దాని పేరేమో ‘జ’తో మొదలవుతుంది. దీనికి ఈ అగ్రాసనం ఎందుకు దక్కిందా అని చాలాసేపు చూశాను. చివరికి పేరు మీద నొక్కి, కర్సర్‌ను వెనక్కి జరుపుకుంటూ పోతే ‘జ’ దగ్గర ఆగాల్సింది ఇంకొక్క అడుగు వెనక్కి వెళ్లింది. ముందు ఒక ఖాళీ ఉంది. టైపు చేసినవారెవరో స్పేస్ నొక్కారు. ఆ పాట తర్వాత కొటేషన్ గుర్తులతో మొదలయ్యే పేర్లు, వాటి తర్వాత బ్రాకెట్లు, తర్వాత అంకెలు, తర్వాత ఇంగ్లీషు పేర్లు. ఇంగ్లీషులోనూ పెద్దక్షరాలన్నీ అయిపోయాకే చిన్నక్షరాలు. సగం జాబితా దాటాక ఎక్కడో అప్పుడు ‘అ’.

మా మేనల్లుడు ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. చూసి, “మామా, ఇది అక్షర క్రమం కాదు, నంబర్ల క్రమం” అన్నాడు. యూనికోడ్ అని కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టిక ఉంది, అందులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య. ఖాళీకి 32, నిటారు కొటేషన్‌కు 34, బ్రాకెట్‌కు 40, సున్నా అంకెకు 48, ఇంగ్లీషు పెద్ద ‘ఏ’కు 65, చిన్న ‘ఏ’కు 97. మన ‘అ’ 3077, ‘హ’ 3129. ఈ సాఫ్ట్‌వేర్ ఆ సంఖ్యలు చూసి చిన్నది ముందు, పెద్దది వెనక అని పేర్చేసింది. వరుస పెట్టడం అంటే దానికి తెలిసింది అంతే.

సెట్టింగులలో మూడో పేజీలో, ఎవరికీ కనబడని చోట, విరామ చిహ్నాలు పట్టించుకోకుండా వరుస పెట్టే వీలు ఉంది. దాన్ని ఆన్ చేస్తే కొంత దారికి వచ్చింది. అయినా కొన్ని పేర్లు జాబితా అట్టడుగున, ‘హ’ కూడా దాటిపోయి పడి ఉన్నాయి. అవన్నీ కొటేషన్ గుర్తులతో మొదలయ్యేవే. అయితే నిటారువి కాదు, వంపు తిరిగినవి. వీటి సంఖ్య 8220, అంటే ‘హ’ కంటే ఎంతో పెద్దది. 2017 నుంచి ఐఫోన్‌లో నిటారు కొటేషన్ కొట్టినా దానంతట అదే వంపు కొటేషన్ అయిపోతుంది. అంటే ఒకే పాట పేరు నేను కీబోర్డు మీద కొడితే జాబితా నెత్తిన ఉంటుంది, ఇంకొకరు ఐఫోన్‌లో కొట్టి పంపితే పాదాల దగ్గర ఉంటుంది. వరుసగా మూడు చుక్కలు పెట్టినా ఇదే గొడవ. మూడు చుక్కలు విడివిడిగా ఉంటే ఒక లెక్క, మూడూ కలిసి ఒకే గుర్తుగా ఉంటే ఇంకో లెక్క. కంటికి తేడా తెలియదు.

ఇక్కడ మా నాన్న పుస్తకం గురించి చెప్పాలి. అట్ట వేసిన పొడుగాటి చిట్టా పుస్తకం, అందులో క్యాసెట్ నంబరు, పక్క, పాట మొదటి మాటలు. ఆయన ‘శ్రీ’ని లెక్కపెట్టేవారు కాదు. శ్రీ అని మొదలయ్యే దేవుడి పాటను తర్వాతి మాట దగ్గర రాసేవారు, లేకపోతే ‘శ’ పేజీలు చాలవు. ‘ఓ’ అని పిలుపుతో మొదలయ్యే పాటలకూ అంతే. పల్లవి ఒకటి, జనం అడిగేది చరణంలోని మాట అయితే అదే పాట రెండు చోట్ల రాసి, రెండో చోట ఎర్ర సిరాతో పేజీ నంబరు వేసేవారు. ఆయన చదివింది అయిదో తరగతి. నేను కొన్న సాఫ్ట్‌వేర్‌కు ‘శ్రీ’ని వదిలేయమని చెప్పే వీలు లేదు.

ఇంగ్లీషు పేర్ల విషయంలో మాత్రం చాలా శ్రద్ధగా ఉంటుంది. ‘ది’, ‘ఏ’, ‘యాన్’ అనే ముందు మాటలను వదిలేసి వరుస పెడుతుంది. మంచిదే. కానీ తెలుగు పాటల పేర్లు సగం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి కదా. ‘ఆ రోజు’ అని మొదలయ్యే పాట పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు ముందున్న ‘ఆ’ దానికి ఇంగ్లీషువాళ్ల ‘ఏ’లాగా కనిపించింది. దాన్ని తీసిపారేసి, పాటను ‘ఆర్’ దగ్గర పెట్టింది. ఇలాంటివి పద్దెనిమిది దొరికాయి.

వరుస సంగతి సరే, జరుపుకుంటూ పోతే ఎప్పటికో దొరుకుతుంది. అసలు కథ వెతకడంలో ఉంది.

మైదుకూరు దగ్గర ఒక కోళ్ల ఫారం ప్రారంభోత్సవం. యజమాని హుషారైన మనిషి. “కోడి మీద ఏదైనా జానపదం పెట్టన్నా” అన్నారు. ‘కోడి’ అని కొట్టాను. తెర నిండా కడప. దేవుని కడప రథోత్సవం రికార్డింగులు, కడప కాలేజీ పాటల పోటీలు, కడప ఆకాశవాణిలో పాడిన మా వీధి ఆయన లలిత గీతాలు, ఇలా అరవై దాకా వచ్చాయి. వాటి మధ్య ఎక్కడో ఒక కోడి. తప్పు కొట్టానేమో అని మళ్లీ కొట్టాను. మళ్లీ కడపే.

ఇంటికి వచ్చాక కూర్చుని పరీక్షలు పెట్టాను. ‘గాలి’ అంటే ‘గోల’ వచ్చింది. ‘మామ’ అంటే ‘మేము’ వచ్చింది. ‘శ్రీ’ అంటే ‘శరణు’తో మొదలయ్యే అయ్యప్ప పాటలన్నీ వరుసగా వచ్చాయి. కానీ ‘పూలు’ అంటే పూలే వచ్చాయి, ఒక్కటి కూడా తేడా లేదు. కొన్నిటికి ఇలా, కొన్నిటికి అలా ఎందుకో రెండు రోజులు నాకు అంతుపట్టలేదు.

మేనల్లుడు పట్టుకున్నాడు. ఇంగ్లీషు, ఫ్రెంచి పేర్లలో అక్షరం నెత్తిన చిన్న గీతలు, చుక్కలు ఉంటాయి. గాయని బియాన్సే పేరు చివరి అక్షరం మీద అలాంటి గీత ఉంది. మనం కీబోర్డు మీద ఆ గీత లేకుండా కొట్టినా పాట దొరకాలని, సాఫ్ట్‌వేర్‌లు వెతికే ముందు అలాంటి గుర్తులన్నీ గీకేస్తాయి. కాలేజీ కుర్రాళ్ల కార్యక్రమాల్లో నాకు అది బాగా ఉపయోగపడింది కూడా. కానీ ఈ సాఫ్ట్‌వేర్ అదే కత్తి తెలుగు మీదా పెట్టింది. యూనికోడ్ పట్టికలో ఇలాంటి గుర్తులు రెండు తరగతులు. అక్షరానికి అంటుకుని, విడిగా చోటు తీసుకోనివి ఒక తరగతి. పక్కన చోటు తీసుకునేవి రెండో తరగతి. తెలుగులో దీర్ఘం, గుడి, ఎత్వం, ఐత్వం, ఒత్వం, పొల్లు మొదటి తరగతిలో ఉన్నాయి. కొమ్ము, సున్న రెండో తరగతిలో ఉన్నాయి. ఈ సాఫ్ట్‌వేర్ మొదటి తరగతి మొత్తాన్నీ ఫ్రెంచి గీతల్లాగే గీకేసింది.

ఇప్పుడు కోడిని తీసుకోండి. ‘కో’కు ఉన్న ఓత్వం పోతే ‘క’. ‘డి’కి ఉన్న గుడి పోతే ‘డ’. మిగిలింది ‘కడ’. కడపలో ‘కడ’ ఉంది, కాబట్టి వచ్చేసింది. శ్రీలో పొల్లు, గుడి దీర్ఘం పోతే ‘శర’, అందుకే శరణు. పూలు ఎందుకు బతికాయంటే వాటికి ఉన్నవి కొమ్ములు, అవి రెండో తరగతి. ఇంత తెలిశాక నాకు కోపం తగ్గి ముచ్చటేసింది. ఫ్రెంచివారికి ఆ గీత లేకపోయినా పేరు పోల్చుకోవచ్చు. మనకు గుణింతం పోతే మాటే పోతుంది. ఈ తేడా పట్టించుకోకుండానే ఎవరో ఎక్కడో ఒక వరుస కోడ్ రాశారు.

కంపెనీకి ఇవన్నీ బొమ్మలతో సహా రాసి పంపాను. ఇక్కడ వారిని మెచ్చుకోవాలి. రెండు రోజుల్లో జవాబు వచ్చింది, ఇంకొన్ని ఉదాహరణలు అడిగారు, అయిదు వారాల్లో కొత్త వెర్షన్ ఇచ్చారు. ఇప్పుడు కోడి అంటే కోడే వస్తుంది. బియాన్సే కూడా ఎప్పటిలాగే దొరుకుతుంది.

రెండో దెబ్బ ఒక పెళ్లిలో తగిలింది. పెళ్లికూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. తనకు కావలసిన పాటలన్నీ తన పాత మ్యాక్ ల్యాప్‌టాప్ నుంచి జిప్ ఫైలుగా పంపింది. ముందు రోజే ఎక్కించాను. తలంబ్రాల దగ్గర ఆమె మేనమామ వచ్చి ఒక పాట పేరు చెప్పారు. ‘వై’తో మొదలయ్యే పాట. కొట్టాను, లేదు అంది. రెండో అక్షరం నుంచి కొట్టాను, వచ్చింది. పేరు చూస్తే ‘వై’ అక్కడే ఉంది, నేను కొట్టిన ‘వై’లాగే ఉంది. ఇంతలో “ఏమయ్యా, పాట లేదా?” అని ఆయన గొంతు పెంచారు. పక్కన నాదస్వరం వారు అందుకోబట్టి ఆ పూట పరువు దక్కింది.

తర్వాత తెలిసింది, ఐత్వాన్ని కంప్యూటర్‌లో రెండు రకాలుగా దాచవచ్చట. మొత్తం ఐత్వం ఒకే గుర్తు, దాని సంఖ్య 3144. లేదా పైన ఎత్వం 3142, కింద వేలాడే ముక్క 3158, రెండూ విడివిడిగా. పాత మ్యాక్‌లు ఫైలు పేరును దాచేటప్పుడు ఇలా విడదీసి దాచేవి. మన గుణింతాల్లో ఈ తంటా ఐత్వం ఒక్కదానికే ఉంది. నా ఖర్మ కాకపోతే ‘మైకు’ అనే మాటలోనే ఐత్వం ఉంది. యూనికోడ్ నియమం ప్రకారం రెండు రూపాలూ ఒకటే అక్షరం, పోల్చే ముందు రెండింటినీ ఒకే రూపంలోకి మార్చుకోవడం సాఫ్ట్‌వేర్ పని. ఈ సాఫ్ట్‌వేర్ ఆ పని చేయడం లేదు. ఇప్పటికీ చేయడం లేదు. అందుకే మ్యాక్ నుంచి వచ్చిన పాటలను లోపలికి ఎక్కించే ముందు మేనల్లుడు రాసిచ్చిన చిన్న ప్రోగ్రాంలో వేసి తీస్తున్నాను.

కంటికి కనబడని ఇంకో పురుగు ఉంది. ‘టాప్‌టెన్’ అని రాసేటప్పుడు పకారం పొల్లుగా నిలబడాలి, టకారం దాని కింద వత్తుగా పోకూడదు. అందుకోసం మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతారు. దానికీ ఒక సంఖ్య ఉంది, 8204. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. పేరులో అది ఉండి నేను కొట్టినదాంట్లో లేకపోతే పాట దొరకదు. ఇంగ్లీషు మాటలు కలిసిన పాటల పేర్లలో ఇది బాగా ఏడిపిస్తుంది. అదృష్టవశాత్తు దీన్ని ఈ మధ్య వెర్షన్‌లో సరిచేశారు.

ఇక అన్నమయ్య. తాళ్లపాక మా పక్కనే, దేవుని కడప స్వామి మీదా ఆయన సంకీర్తనలు ఉన్నాయి, కాబట్టి మా దగ్గర సంకీర్తనలు ఎక్కువ. ఒక భజన మండలి పెద్దావిడ నాలుగు వందల కీర్తనల పేర్లు అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని, పుస్తకంలో ఎలా ఉందో అలాగే కొట్టి ఇచ్చారు. ఆవిడ నిష్ఠకు దండం పెట్టాలి. అరసున్న ఉన్న చోట అరసున్న పెట్టారు, బండి ఱ ఉన్న చోట బండి ఱ పెట్టారు. ఇప్పుడు నేను మామూలు తెలుగులో కొడితే అందులో సగం దొరకవు. తమాషా ఏమిటంటే, గీకేయకూడని గుణింతాలను గీకేసిన ఈ సాఫ్ట్‌వేర్ వదిలేసినా నష్టం లేని అరసున్నను మాత్రం భద్రంగా కాపాడింది. అది రెండో తరగతి కదా.

నా కోరిక చిన్నది. వెతికేటప్పుడు అరసున్న లేనట్టే చూడాలి, ఱ, ర ఒకటే అనుకోవాలి. పాటల పేర్ల మట్టుకు దానివల్ల నాకు ఇబ్బంది రాలేదు. ల, ళ మాత్రం కలపవద్దు. కల వేరు, కళ వేరు. వేల వేరు, వేళ వేరు. బ్రౌన్ గ్రంథాలయంలో ఒక సభకు మైకు పెట్టినప్పుడు అక్కడున్న పండితులొకరిని ఈ సంగతి అడిగాను. వర్ణమాల చదివి వినిపించారు, ‘హ’ తర్వాత ళ, క్ష, ఱ అని. యూనికోడ్‌లో ఏమో ‘ర’ పక్కనే ఱ, ‘ల’ పక్కనే ళ ఉన్నాయి. 1852లో నిఘంటువు అచ్చు వేయించిన దొర పేరున్న చోట నిలబడి ఇది అడగడం బాగుందనిపించింది కానీ, ళతో మొదలయ్యే పాట నా దగ్గర ఒక్కటీ లేదు, కాబట్టి ఈ తగాదా నాకు అక్కరలేదు.

వేంకటేశుడిది ఇంకో కథ. ఏత్వంతో కొందరు, ఎత్వంతో కొందరు రాస్తారు. రెండుసార్లు వెతుకుతాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పేర్లయితే ఇక చెప్పక్కరలేదు. మా ఊరి ఇంగ్లీషు స్పెల్లింగే 2005 వరకు ‘సీ’తో ఉండేది, తర్వాత ‘కే’ అయింది. పాత రికార్డింగులు పాత స్పెల్లింగుతోనే ఉన్నాయి. దీన్ని సాఫ్ట్‌వేర్ తప్పు అనలేను.

పాత ఎంపీత్రీ సీడీల నుంచి ఎక్కించిన డెబ్బై పాటలకు పేర్లకు బదులు వరుసగా ప్రశ్నార్థకాలే ఉన్నాయి. తెలుగు తెలియని ప్రోగ్రాం ఎప్పుడో ఒక్కో అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం పెట్టి దాచేసింది. అక్షరాలు పోయాక తిరిగి రావు, ఒక్కొక్కటీ విని పేరు రాయాల్సి వచ్చింది. కొన్నిటిలో పేరు మధ్యలో తెగిపోయింది. తొలినాటి ఎంపీత్రీ ఫైళ్లలో పాట పేరుకు 30 బైట్లే చోటు. ఇప్పటి పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ తలా మూడు బైట్లు కావాలి. ‘శ్రీ’ ఒక్కటే పన్నెండు బైట్లు తింటుంది. నాన్న శ్రీని ఎందుకు వదిలేసేవారో అప్పుడు ఇంకాస్త అర్థమైంది.

చిహ్నాలు పట్టించుకోవద్దు అనే సెట్టింగ్ గురించి ఒక హెచ్చరిక. కాలేజీ కార్యక్రమంలో ఒక అమ్మాయి ఎడ్ షీరన్ 2017 ఆల్బమ్ అడిగింది. ఆ ఆల్బమ్ పేరు భాగహారం గుర్తు, అంతే. గుర్తు కొట్టాను. సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేసింది, మిగిలింది శూన్యం, శూన్యం అన్నిటిలోనూ ఉంటుంది కాబట్టి 9,400 పాటలూ చూపించింది. పేరంతా గుర్తులే అయితే వాటిని వదలకూడదు అన్న ఇంగితం ఉండాలి కదా. అలాగే పాట పేరును బట్టి ఫైలు పేరు మార్చే సదుపాయాన్ని ఆన్ చేయకండి. విండోస్‌లో ఫైలు పేర్లకు తొమ్మిది గుర్తులు పనికిరావు. ప్రశ్నార్థకం, నిటారు కొటేషన్, కోలన్, నక్షత్రం గుర్తు అందులోవే. ప్రశ్నగా ఉన్న ప్రతి పల్లవి చివరా ఒక అడ్డగీత వచ్చి కూర్చుంటుంది. అంకెల వరుస మాత్రం మెచ్చుకోదగ్గది. భాగం 1, 2, 3 అని పెడుతుంది, 1 తర్వాత 10 తెచ్చి పెట్టదు.

శ్రీ సంగతికి నేనే దారి చూసుకున్నాను. ఎంపీత్రీ ఫైళ్లలో కనిపించే పేరు వేరు, వరుస పెట్టడానికి వాడే పేరు వేరుగా రాసుకునే చోటు ఉంది, పాట వివరాలు ఫైలులోనే రాసిపెట్టే ట్యాగ్ పద్ధతి 2000లో వచ్చిన రూపంలోనే దాన్ని పెట్టారు. ఎంపీత్రీట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఆ చోట శ్రీ లేని పేరు నింపవచ్చు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఆ నెల సాయంత్రాలన్నీ దానికే పెట్టాను. ఈ సాఫ్ట్‌వేర్ ఆ చోటును చక్కగా గౌరవిస్తుంది. ఏ మాటలు వదిలేయాలో మనమే చెప్పుకోవాలంటే మాత్రం ఫూబార్2000 అనే పాటల ప్రోగ్రాం నయం, అందులో ఆ మాటల జాబితా మనమే ఇవ్వవచ్చు. కానీ అది నేర్చుకోవడానికి ఒక మేనల్లుడు తప్పనిసరి.

అయిదు నక్షత్రాలకు మూడు ఇస్తున్నాను. కోడిని సరిచేసినందుకు మూడోది. ఐత్వం సరిచేస్తే నాలుగు. అరసున్న గురించి మళ్లీ రాశాను, మీ సూచన నమోదు చేసుకున్నాం అని జవాబు వచ్చింది. రథసప్తమికి దేవుని కడపలో మైకు మాదే. ఆ లోపు కొత్త వెర్షన్ రాకపోతే నాన్న చిట్టా పుస్తకం యాంప్లిఫయర్ పక్కన పెట్టుకుని వెళ్తాను. సంకీర్తనలు అందులో ముప్ఫైరెండో పేజీ నుంచి ఉన్నాయి.